రెండు వేలో వంతు

జెట్లు మూడూ వచ్చి వెళ్ళాక ఆకాశం కాసేపు ఖాళీగా మిగిలింది. ఆమె కెమెరా కంటి దగ్గర నుంచి దించి, మెడ అటూ ఇటూ విరుచుకుని, ఇనుప స్టూలు మీద కాళ్ళు సర్దుకుంది. పొద్దున ఎనిమిది నుంచీ ఆ స్టూలు మీదే ఉంది. హ్యాంగరు గోడకీ కంచెకీ మధ్య నాలుగడుగుల సందు అది. అక్కడ నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, విమానానికి నిండుగా వెలుగొస్తుంది, విమానాలు మలుపు తిరిగే చోటు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పదిహేనేళ్ళుగా ప్రతి విమాన ప్రదర్శనకీ ఆ చోటు ఆమెదే. ఏ కాగితం మీదా లేదు గానీ, మెకానిక్ బాబాయ్ మాట మీద ఉంది. స్టూలు కూడా ఏడాది పొడుగునా హ్యాంగరులో ఆయన బీరువా పక్కనే ఉంటుంది.

అన్నయ్య దూరంగా ప్రెస్ వాళ్ళ టెంటు కింద కూర్చున్నాడు. మెడలో పాసు, పాసులో నవ్వుతున్న ఫోటో, ఆ ఫోటోకి తగ్గట్టే కనపడిన వాళ్ళందరికీ నవ్వులు. ఫ్లయింగ్ క్లబ్బు స్టూడియోకి ఒక్క పాసే ఇస్తుంది. స్టూడియో అన్నయ్యది కాబట్టి పాసు అన్నయ్యది. ఫోటోలు తీసేది చెల్లెలు కాబట్టి ఎండ చెల్లెలిది.

"జెట్లు బాగా పడ్డాయా?" మెకానిక్ బాబాయ్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. ఎంత తుడిచినా గోళ్ళ చుట్టూ నలుపు పోని చేతులు అవి. ఆయన వరసకి బాబాయ్ కాదు, పిలుపు వల్ల అయిన బాబాయ్.

"పడ్డాయి. జెట్లదేముంది బాబాయ్, చిన్న పిల్లలైనా తీస్తారు."

"ఇప్పుడు నా పిల్ల వస్తోంది. పొద్దునే ఆయిలు మార్చాను. గొంతు ఎలా ఉంటుందో విను." ఆయన పిల్ల అంటే క్లబ్బులో ఉన్న పాత పసుపు విమానం, రెండు సీట్లది, ముక్కున పంకా ఉన్నది. "మొదటేడు దాన్ని ఎలా తీశావో గుర్తుందా?"

"ఏటా ఆ మాట అనకపోతే నీకు అన్నం సయించదు."

"పంకా బిగుసుకుపోయినట్టు తీసుకొచ్చి చూపించావు. ఇది ఎగరట్లేదమ్మాయ్, దారం కట్టి వేలాడదీశారు అన్నాను. నువ్వు ఏడ్చినంత పని చేశావు."

"ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి అలా తీశానా?"

"లేదులే. అది మాత్రం ఒప్పుకోవాలి," అని ఆయన నవ్వుకుంటూ రన్‌వే వైపు వెళ్ళిపోయాడు.

జెట్టుకి బయట తిరిగేదేమీ కనపడదు. కెమెరా కన్ను సెకనులో రెండు వేలో వంతు తెరిచి మూస్తే చాలు, గాలిలో ఉన్న బోల్టు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పంకా విమానానికి అలా కుదరదు. అంత వేగంగా మూస్తే తిరుగుతున్న బ్లేడ్లు కూడా కదలకుండా నిలబడిపోతాయి, విమానం చచ్చినట్టుంటుంది. దానికి నూట అరవయ్యో వంతుకి దిగాలి. అప్పుడు బ్లేడ్లు కరిగి గుండ్రంగా పల్చటి వెలుగులా పడతాయి. కానీ అంత నెమ్మదికి చెయ్యి వణికితే మొత్తం అలుక్కుపోతుంది. మోచేతులు డొక్కలకి నొక్కిపెట్టి, పాదాలు కదపకుండా, నడుము నుంచి మాత్రమే విమానంతో పాటు తిరగాలి, నొక్కాక కూడా తిరుగుతూనే ఉండాలి. పది తీస్తే ఒకటి నిలుస్తుంది. అన్నయ్య రెండేళ్ళు ప్రయత్నించి, ఇదంతా పనిలేని వాళ్ళ పని అని తేల్చాడు. అప్పటి నుంచీ ఆ పని ఆమెకి వచ్చింది.

కెమెరా వేగం మార్చే డయలు మీద వేలు పెట్టబోతుండగా ఫోను మోగింది. వదిన. "మీ అన్నయ్యకి తలనొప్పట. నీ సంచిలో మాత్రలున్నాయిగా, ఒకటి ఇచ్చిరా. ఎండలో కూర్చున్నారు పాపం." ఆమె స్టూలు దిగి, కంచె వెంట టెంటు దాకా నడిచి, మాత్ర ఇచ్చి, నీళ్ళ సీసా కూడా ఇచ్చి, తిరిగి వచ్చి స్టూలు ఎక్కేసరికి పసుపు విమానం మలుపులోకి వచ్చేసింది.

మామూలు కంటే బాగా కిందికి వచ్చింది. ఆమె మోచేతులు బిగించి దానితో పాటు తిరిగింది. రెక్క నిలువుగా లేచింది, లోపల విమానం నడుపుతున్న కెప్టెన్ గారి తెల్ల హెల్మెట్టు కనపడింది. ఆమె నొక్కింది. టక టక టక, మూడు. నాలుగోది నొక్కేలోగా రెక్క కొస గడ్డిని గీసింది. విమానం పక్కకి దొర్లి, ముక్కు మట్టిలో దిగబడి, అక్కడే మంటలు లేచాయి. హ్యాంగరు మీది మైకులో పాట ఇంకా మోగుతూనే ఉంది. జనం అరుపులు ఆ పాట కింద వినపడ్డాయి. మెకానిక్ బాబాయ్ చేతిలో గుడ్డతోనే పరిగెత్తడం చూసింది. కెప్టెన్‌ని బయటికి లాగిన వాళ్ళలో ఆయనే మొదటివాడు. తర్వాత ఆమె స్టూలు మీదే కూర్చుండిపోయింది. అన్నయ్య వచ్చి, "తీశావా?" అని అడిగాడు. ఆమె కార్డు తీసి ఇచ్చింది. ఏం తీసిందో తనే చూసుకోలేదు.

సోమవారం పొద్దున స్టూడియో తెరిచి, వెనక గదిలో బల్ల మీద ప్రింట్లు పరుచుకుని వెనక్కి తిప్పి ముద్ర కొడుతోంది. ఏ ఫోటో బయటికి వెళ్ళినా వెనక నీలం సిరాతో అన్నయ్య పేరు పడాలి. రబ్బరు ముద్ర అరిగి పేరులో ఒక అక్షరం సగమే పడుతుంది. ఆమె ఆ సగం అక్షరాన్ని పెన్నుతో దిద్దుతూ ఉంటుంది. అన్నయ్య పేపరు పట్టుకుని వచ్చి ప్రింట్ల మీదే పరిచాడు.

"మొదటి పేజీ," అన్నాడు. "పదిహేనేళ్ళలో మొదటిసారి."

పేజీ సగం పసుపు విమానమే. నిలువుగా లేచిన రెక్క, తెల్ల హెల్మెట్టు, ముక్కున పంకా. పంకా బ్లేడు స్కేలు పెట్టి గీసినట్టు కదలకుండా ఉంది. కింద పెద్ద అక్షరాల్లో, గాలిలోనే ఆగిన ఇంజన్ అని ఉంది. ఇంజన్ పట్టేసిందని కెప్టెన్ ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పాడట. పొద్దున ఆయిలు మార్చినప్పుడు ప్లగ్గు సరిగా బిగించకపోతే ఆయిలు కారిపోయి అలా జరుగుతుందని క్లబ్బు పెద్దలు అంటున్నారట. ఫోటో కింద అన్నయ్య పేరుంది.

ఆమె వెంటనే లేచింది. కంప్యూటరు ముందు కూర్చుని ఆ మూడు ఫోటోలూ తెరిచింది. పక్కన సన్నటి అక్షరాల్లో కెమెరా తన లెక్క తను రాసి పెట్టుకుంది. రెండు వేలో వంతు. మూడింటికీ అదే. మాత్ర ఇవ్వడానికి దిగినప్పుడు డయలు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

కానీ మూడింట్లో బ్లేడు ఒకలా లేదు. మొదటి దాంట్లో నిలువుగా ఉంది. రెండో దాంట్లో ఏటవాలుగా వాలింది. మూడో దాంట్లో దాదాపు అడ్డంగా ఉంది. పట్టేసిన ఇంజన్‌కి పంకా ఎక్కడ ఆగితే అక్కడే ఉంటుంది. ఇది తిరుగుతోంది. తిరిగేదాన్ని తనే ఆపింది.

"అన్నయ్యా, ఇలా రా. ఇంజన్ ఆగలేదు. నేనే డయలు తిప్పలేదు. చూడు, మూడూ చూడు."

అన్నయ్య వంగి చూశాడు. ఎంతైనా ఫోటోల మనిషి, అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. అది ఆయన ముఖంలోనే కనపడింది. తర్వాత నిటారుగా నిలబడి చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"పదకొండింటికి క్లబ్బు విచారణ కమిటీ ముందుకి రమ్మన్నారు నన్ను. ఏం చెప్పమంటావు? పంకా విమానాన్ని రెండు వేలో తీశానని చెప్పనా? నేర్చుకునే వాళ్ళు చేసే తప్పు అది. నా పేరు మీద?"

"నా పేరు చెప్పు."

"నీ పేరు ఎప్పుడుంది అక్కడ?" అన్నాడు. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది. "కమిటీ అంటే కాగితాల తతంగం. ఎవరి ఉద్యోగమూ పోదు. నాలుగు రోజులు హడావుడి చేసి వదిలేస్తారు."

మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడు హుషారుగా ఉన్నాడు. చెప్పులు విప్పుతూనే, "వచ్చే ఏడు నుంచి రెండు పాసులు ఇస్తారట. ఒకటి నీకు. నీ ఫోటోతోనే," అన్నాడు. కమిటీలో ఏం చెప్పావని ఆమె అడిగింది. "చూసింది చెప్పాను. పంకా ఆగింది, నా కళ్ళతో చూశాను, ఫోటో నేనే తీశాను అని రాసిచ్చాను. ఇంక దాన్ని తవ్వకు," అన్నాడు.

ఆమె తవ్వలేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతే గానీ, ఆ సాయంత్రం రెండుసార్లు ఆ పాసు గురించే ఆలోచించింది. కంచె లోపల, రన్‌వే పక్కన, ఎవరి దయా లేకుండా మెడలో తన ఫోటోతో నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకుంది. మంగళవారం పెళ్ళి ఆల్బం ఒకటి సర్దుతూ గడిపింది. బాబాయ్‌కి ఫోను చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని, ఏం చెప్పాలో తోచక పెట్టేసింది. బుధవారం పాస్‌పోర్టు ఫోటోలు. గడ్డం కాస్త కిందికి దించండి, చెవులు కనపడాలి, నవ్వకండి. రోజంతా ఆ మూడు మాటలే చెప్పింది. వదిన రెండుసార్లు టీ తెచ్చి పెట్టింది. మామూలుగా అడిగితే గానీ రాని టీ. ఎవరి ఉద్యోగమూ పోదన్న అన్నయ్య మాటని ఆమె నమ్మలేదు, నమ్మినట్టు ఉండిపోయింది. అలా ఉండటం అంత కష్టంగా కూడా లేదు, అదే అసలు సంగతి.

గురువారం పొద్దున క్లబ్బులో పెట్రోలు ట్యాంకరు నడిపే డ్రైవరు లైసెన్సు ఫోటోకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని దువ్వెనతో జుట్టు అణుచుకుంటూ, "మీ బాబాయ్ సంగతి తెలిసిందిగా?" అన్నాడు.

"ఏ సంగతి?"

"పొమ్మన్నారు. ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. బీరువా తాళం చెవులు అప్పజెప్పి వెళ్ళాడు నిన్న. ఎవరితోనూ మాట్లాడలేదు. పానాలన్నీ వరసగా బల్ల మీద పేర్చి, ఒక్కోదాన్నీ తుడిచి పెట్టాడు. చూడలేకపోయామండీ."

ఆమె ఫోటో తీసింది. మూడుసార్లు తీసినా డ్రైవరు కళ్ళు మూసుకునే పడ్డాయి. నాలుగోసారికి గానీ కుదరలేదు.

డ్రైవరు వెళ్ళాక మూడు ఫోటోలూ పెద్దవి చేసి ప్రింటు తీసింది. కెమెరా రాసుకున్న లెక్క కూడా కింద కనపడేలా తీసింది. ముద్ర బల్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకోకుండా ప్రింట్లు కవర్లో పెట్టుకుని బయలుదేరింది. ముందు గదిలో అన్నయ్య ఎవరికో ఫ్రేములు చూపిస్తున్నాడు. "ఎక్కడికి?" అన్నాడు. "క్లబ్బుకి," అంది. పరాయి మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి అన్నయ్య నవ్వుతూనే ఉండాల్సి వచ్చింది.

క్లబ్బు కార్యదర్శి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఫ్యాను వేయించి, మూడు ఫోటోలూ ఓపిగ్గా చూశాడు. ఆమె డయలు సంగతి, బ్లేడు వాలు సంగతి రెండుసార్లు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాక ఫోటోని వెనక్కి తిప్పాడు.

"వెనక స్టూడియో ముద్ర లేదేమ్మా?"

"ఇవి నేను తెచ్చినవండీ. తీసింది కూడా నేనే."

"మీ అన్నయ్యగారు తానే తీశానని రాసిచ్చారు. మీరేమో తీసింది మీరే అంటున్నారు. అన్నాచెల్లెళ్ళు ఇంట్లో మాట్లాడుకుని ఒక మాట మీద రండి, వింటాను." ఫోటోలు నెమ్మదిగా ఆమె వైపు జరిపాడు. "అయినా ఇప్పుడు దీనితో పనేముంది? మెకానిక్ స్వయంగా ఒప్పుకున్నాడు. ప్లగ్గు బిగించడంలో పొరపాటు జరిగి ఉంటుందని నిన్న మధ్యాహ్నం సంతకం పెట్టాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. సంతకం పెట్టిన ఆ మెకానిక్కే వచ్చి కాదని రాసిస్తే అప్పుడు చూద్దాం."

ఆమె ఫోటోలు తీసి కవర్లో పెట్టుకుంది. కెప్టెన్ భయపెట్టాడనో, క్లబ్బు పెద్దలు మెడ మీద కూర్చున్నారనో అయితే అర్థమయ్యేది. అడక్కుండానే ఎందుకు ఒప్పుకున్నాడు? ముప్పై ఏళ్ళుగా బోల్టు బిగించాక రెండోసారి చెయ్యి పెట్టి చూసుకోకుండా కదలని మనిషి.

బాబాయ్ ఇల్లు క్లబ్బు వెనక వరస ఇళ్ళలో చివరిది. తలుపు తెరిచి ఉంది. ఆయన ముందు గదిలో మంచం మీద కూర్చుని, పిన్ని కుట్టుమిషను చక్రం విప్పి ఒళ్ళో పెట్టుకుని నూనె వేస్తున్నాడు. ఆమెని చూసి, "రా అమ్మాయ్," అన్నాడు. గడ్డం మాసి ఉంది. పిన్ని లోపలి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది, రమ్మని అనలేదు. గోడకి ఆ పేపరు మొదటి పేజీ మేకుకి గుచ్చి ఉంది.

"ఎందుకు సంతకం పెట్టావు బాబాయ్?"

ఆయన చక్రం తిప్పి చూసి ఇంకో చుక్క నూనె వేశాడు. "బిగించాననే అనుకున్నాను మొదట. వేళ్ళకి గుర్తుంది. కమిటీలో కూడా అదే చెప్పాను, సోమవారం. ఇంటికొచ్చాక దాన్ని చూశాను." గడ్డంతో గోడ వైపు చూపించాడు. "కింద మీ అన్నయ్య పేరుంది గానీ, అది నీ చెయ్యని నాకు తెలియదా? మీ అన్నయ్యకి ఆ మలుపులో విమానం అందుతుందా? నువ్వు పదిహేనేళ్ళుగా తీస్తున్నావు. పంకా తిరుగుతుంటే తిరుగుతున్నట్టే పడుతుంది నీ దాంట్లో. ఒక్కసారి తప్పలేదు. నువ్వు తీసినదాంట్లో ఆగి ఉందంటే ఆగిందన్నమాటే. ఇంక నా వేళ్ళదేముంది, వయసైపోయింది, మర్చిపోయి ఉంటాననుకున్నాను. ఎవరో ఫోటో అయితే కొట్లాడేవాణ్ణే."

ఆమె కవరు తెరిచి మూడు ప్రింట్లూ మంచం మీద వరసగా పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. మొదటి దాని మీద బ్లేడు వెంట బొటనవేలు నడిపించాడు. రెండో దాని మీద నడిపించాడు. మూడో దాని మీదికి వెళ్ళబోయి ఆగిపోయి, మళ్ళీ మొదటి దానికి వచ్చాడు. నూనె వేలిముద్రలు మూడు ఫోటోల మీదా పడ్డాయి.

"తిరుగుతోంది," అన్నాడు.

"తిరుగుతోంది బాబాయ్."

"అంటే బిగించాను." లోపలి గుమ్మం వైపు తిరిగాడు. "ఏమే, విన్నావా? బిగించానే నేను." పిన్ని వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఫోటోల వైపు కాకుండా ఆమె వైపు చూసింది.

"మరి ఇదెలా జరిగింది?" అని అడిగాడు ఆయన.

"డయలు తిప్పడం మర్చిపోయాను. జెట్ల మీద ఎలా ఉందో అలాగే ఉండిపోయింది."

ఆయన తలూపాడు. మర్చిపోవడం అంటే ఏమిటో నాలుగు రోజులుగా ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కోప్పడతాడేమోనని ఆమె చూసింది, కోప్పడలేదు. అడగాల్సింది మాత్రం అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే అంటే నమ్ముతాడు, ఆమె ఏం చెప్పినా నమ్ముతాడు. "సోమవారం పొద్దున," అంది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. "నేను సంతకం పెట్టింది బుధవారం," అన్నాడు, ఎవరికో తారీఖు గుర్తుచేస్తున్నట్టు.

పాసు గురించి చెబుదామనుకుంది. చెబితే ఇంకా సిగ్గుచేటని ఊరుకుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొడుతూ వెళ్ళారు. పిన్ని కుట్టుమిషను చక్రం ఆయన ఒళ్ళోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"వెనక రాయి," అన్నాడు ఆయన, ఒక ప్రింటు తిప్పి ఆమె ముందుకి తోస్తూ. వెనక తెల్లగా ఉంది. "ఎంత వేగంలో తీశావో రాయి. ఎందుకు ఆగినట్టు కనపడుతోందో రాయి. కింద నీ పేరు రాయి. మూడింటి మీదా రాయి."

ఆమె పెన్ను తీసింది. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఇన్నేళ్ళలో ఏ ఫోటో వెనకా తన పేరు రాయలేదని. ఎన్నో వేల ఫోటోలు అన్నయ్య పేరు దిద్ది పంపింది. రెండు వేలో వంతు అని రాసింది, తప్పు నాదే అని రాసింది, కింద పేరు రాసింది. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి పేరు కాస్త కుదురుగా పడింది. దీని తర్వాత స్టూడియోలో తనకి చోటుండదని తెలుసు. అన్నయ్య రాసిచ్చిన కాగితం అబద్ధమవుతుంది, అన్నయ్య అంత తేలిగ్గా క్షమించే మనిషి కాదు. ఆ సంగతి ఇప్పుడు పెద్దగా భయపెట్టలేదు. భయపెట్టేది ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంది.

ఆయన మూడూ తీసుకుని అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా చదివాడు. మడత పడకుండా కవర్లో పెట్టి, కవరుని దిండు కింద పెట్టాడు.

"రేపు ఆఫీసు తెరవగానే వెళ్తాను. సంతకం వెనక్కి తీసుకుంటానని రాసిస్తాను."

"నేనూ వస్తాను బాబాయ్."

"వద్దులే. నీ పేరుందిగా, చాలు."

ఆమె లేచింది. ఎప్పుడొచ్చినా ఆయన వీధి చివరిదాకా నడిచి సాగనంపేవాడు. ఇవాళ మంచం మీద నుంచి లేవలేదు. ఆమె చెప్పులు వేసుకుంటుండగా వెనక నుంచి మామూలు గొంతుతోనే అన్నాడు.

"నీ స్టూలు హ్యాంగరులోనే ఉండిపోయింది. వీలు చూసుకుని తీసుకెళ్ళిపో అమ్మాయ్."

అలాగే అని ఆమె తలూపి మెట్లు దిగింది.